కుట్టులో వదిలిన గుడ్డ

పొద్దున్నే మొహం కడుక్కోగానే దర్జీ చేసే మొదటి పని భోజనాల బల్లని కొలవడం. మెడలో టేపు ఎలాగూ ఉంటుంది. నిద్రలో కూడా తీయడని వాళ్ళావిడ ఫిర్యాదు. ఆ చివర బొటనవేలితో నొక్కిపట్టి, ఈ చివరికి టేపు లాగి, "ఇవాళా మామూలే" అని వంటింటి వైపు ఓ కేక వేస్తాడు. అప్పుడు వాళ్ళావిడ తల్లి, అత్తగారు, కంచాలు తెచ్చి పెడుతుంది. కొలవకుండా కంచాలు పెడితే ఏమవుతుందో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఓసారి వేడి కూరగిన్నె దర్జీ ఒళ్ళో పడింది.

బల్ల సంగతి ఏమిటంటే, దాని దగ్గర కలిసి తినబోయేవాళ్ళు ఎంతమందో అంత పొడుగే ఉంటుంది. ఇవాళ తింటున్నవాళ్ళు కాదు, ముందు ముందు తినబోయేవాళ్ళు. చుట్టపుచూపుగా వచ్చిపోయేవాళ్ళని లెక్కలోకే తీసుకోదు. మామగారు పోవడానికి నెల ముందే జానెడు కుంచించుకుంది. అత్తగారు చూసి, ఆయనకి ఆ నెలంతా రెండు పూటలా ఇష్టమైనవే వండిపెట్టింది. మళ్ళీ ఓ ఉదయం జానెడు పెరిగితే, వాళ్ళావిడ ఆస్పత్రికి వెళ్ళి పరీక్ష చేయించుకుని నవ్వుకుంటూ వచ్చింది. అలా పుట్టిన పిల్లే సూది. అసలు పేరు వేరే ఉంది గానీ, తల్లి నర్సమ్మ, తండ్రి దర్జీ, ఇద్దరి బతుకూ సూది మీదే కాబట్టి పిల్లకి ఆ ముద్దుపేరు అతుక్కుపోయింది.

అత్తగారు బస్సు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. డిపో క్యాంటీన్ మూసేసినప్పుడు వేలంలో ఈ బల్లని కొన్నది ఆవిడే. "బస్సు డిపోలో పనిచేసిన బల్ల కదా, సీట్ల లెక్క దానికి తెలుసు" అంటుంది. అంతకు మించి దాని గురించి ఎవరూ ఆలోచించలేదు. ఒక్క దర్జీకే దానితో కాస్త పని ఎక్కువ. బల్లమీద పరిచే దుప్పటి అతనే కుట్టాడు. బల్ల పెరిగినప్పుడు విప్పుకోవడానికని అంచుల్లో బోలెడు గుడ్డ లోపలికి మడిచి కుట్టాడు. కుట్టుపని నేర్పిన మాస్టారు దాన్ని అలవెన్స్ అనేవాడు. "ఒరే, చొక్కాకి అలవెన్స్ వదలనివాడు దర్జీ కాదు, దొంగ" అని ఆయన మాట. దర్జీ దాన్ని వేదవాక్కులా పట్టుకున్నాడు. అసలు గొడవంతా ఆ మాట దగ్గరే మొదలైంది.

నర్సమ్మకి పరాయి దేశపు ఆస్పత్రి నుంచి ఉద్యోగం ఖాయమైనట్టు కాగితం వచ్చింది. సెలవురోజు, పొద్దున టీల వేళ. దర్జీ చదవడం మొదలెట్టాడు. బేసిక్ అని ఒకటి. దాని కింద హౌసింగ్ అలవెన్స్, ఫుడ్ అలవెన్స్, ట్రాన్స్‌పోర్ట్ అలవెన్స్, హార్డ్‌షిప్ అలవెన్స్. అట్టడుగున మొత్తం ప్యాకేజీ అని ఓ లావుపాటి అంకె.

"ఎన్ని అలవెన్సులు వదిలారే!" అని దర్జీ మురిసిపోయాడు. "దర్జా అయిన కంపెనీ. ఇలాంటి చొక్కా పదేళ్ళయినా బిగుతవదు."

"హార్డ్‌షిప్ అంటే?" అంది అత్తగారు.

"కష్టపు భత్యం అత్తయ్యా. అక్కడ కష్టపడతారు కాబట్టి ఇస్తారట."

"కష్టానికి కూడా డబ్బులిస్తారా? అయితే నా సర్వీసు మొత్తానికీ బాకీ వసూలు చేసిపెట్టమను. కిటకిటలాడే బస్సులో చిల్లర లేదన్న ప్రతివాడి తరఫునా."

నర్సమ్మ నవ్వలేదు. కాగితం అతని చేతిలోంచి తీసుకుని, మడతలు సరిచేసి బల్లమీద పెట్టింది.

కిర్రుమంది. టీ గ్లాసులు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. సూది తన గ్లాసు పట్టుకుని లేచి నిలబడింది, అలవాటైన పిల్ల. చూస్తుండగానే బల్ల రెండువైపుల నుంచీ లోపలికి జరిగి జరిగి, చివరికి ఓ ముక్కాలిపీటంత అయి ఆగింది. దుప్పటి నాలుగువైపులా నేలమీద పడింది, అన్న చొక్కా తొడుక్కున్న తమ్ముడిలాగ.

"ఒక్కరికే" అంది సూది.

కాగితం తీస్తే బల్ల మళ్ళీ మామూలైంది. పెడితే ముక్కాలిపీట. తీస్తే నలుగురికి. నాలుగైదుసార్లు చూశారు. అంత లావుపాటి అంకె, ఇంత బక్క బల్ల! ఎక్కడ పొరపాటో ఎవరికీ అంతుపట్టలేదు.

"సంతకం పెట్టి వారం చివరికల్లా పంపాలి" అంది నర్సమ్మ నెమ్మదిగా. ఇక్కడ ఆమె పనిచేసే క్లినిక్ మూతపడబోతోంది. క్లినిక్ మిషన్లకి అప్పుడే బేరాలు కూడా వచ్చి పోతున్నాయి. వెళ్ళకపోతే ఇల్లు గడవదు. వెళ్తే, పిల్ల తల్లి కంచం పక్కన కూర్చుని తినదు. బల్ల అబద్ధమాడదు కదా.

ఇలాంటప్పుడు సలహాకి ఓ మనిషి ఉండాలిగా, ఉన్నాడు. దర్జీ అక్క మొగుడు. కొన్నేళ్ళు విదేశంలో గోదాములో పనిచేసి వచ్చాడు. నోరు విప్పితే "అక్కడ అయితేనా..." అంటాడు కాబట్టి అందరూ అతన్ని అక్కడ బావ అంటారు. కబురు పెట్టగానే వచ్చాడు, కుర్చీ లాక్కుని కూర్చుని, కాగితం బల్లమీద పెట్టి చదవబోయాడు. బల్ల ముడుచుకోగానే పీట కాలు వెళ్ళి అతని మోకాలికి తగిలింది.

"అబ్బా! దీన్ని కాస్త కట్టేసుకోండర్రా" అని మోకాలు రుద్దుకుంటూ చదివాడు. "చెల్లెమ్మా, బ్రహ్మాండం. అక్కడ అయితేనా, మొత్తం చూడాలి, ముక్కలు చూడకూడదు. సంతకం పెట్టెయ్."

"అన్నయ్యగారూ, ఇక్కడ స్టేటస్ సింగిల్ అని ఉంది, చూశారా?"

అందరూ తలలు దగ్గరపెట్టి చూశారు. ఉంది. చిన్న అక్షరాల్లో.

దర్జీ కాగితం కళ్ళ దగ్గరికి లాక్కున్నాడు. "ఏమే, దరఖాస్తులో పెళ్ళి కాలేదని రాశావా?"

"నేనెందుకు రాస్తానండీ! మ్యారీడ్ అనే రాశాను. మీ పేరు కూడా రాశాను. వృత్తి దర్జీ అనీ రాశాను."

"మరి సింగిల్ ఎక్కడి నుంచి వచ్చింది?"

"నన్నడిగితే? పంపినవాళ్ళని అడగండి."

"చూడు బావమరిదీ," అన్నాడు అక్కడ బావ, సందు దొరికింది కదా అని, "ఒకవేళ నిన్ను కూడా తీసుకెళ్ళినా నీ పేరు డిపెండెంట్ అని రాస్తారు. అంటే పెళ్ళాం మీద ఆధారపడినవాడని. పాస్‌పోర్టు మీద ముద్ర కూడా కొడతారు. అప్పుడు ఆ మెడలో టేపు తీసేసి తాడు కట్టుకో."

"ఇన్నేళ్ళుగా కత్తెర పట్టినవాణ్ణి, నేను ఆధారపడినవాణ్ణా?"

"పొద్దున కాఫీకి చక్కెర ఎక్కడుందో తెలీదు మీకు" అంది నర్సమ్మ. "ఆ ముద్ర ఎప్పుడో పడింది." అప్పుడు మాత్రం నవ్వింది.

"టికెట్ సంగతి చూశారా?" అని అత్తగారు కళ్ళజోడు సర్దుకుంది. "రెండేళ్ళకోసారి విమాన టికెట్ అట. రానూపోనూనా? ఒకవైపేనా? రాయలేదే! అల్లుడుగారూ, ఒకవైపు టికెట్ కొట్టి ఎక్కించేవాణ్ణి నమ్మకూడదు. నేనే చాలామందిని అలా ఎక్కించాను."

బావ వెళ్తూ వెళ్తూ, గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ ఓ మాటన్నాడు. అసలు మాట అదే, కానీ అది అసలు మాటని అతనికీ తెలీదు. "అయితే ఒకటి బావమరిదీ. అక్కడ అలవెన్స్ అంటే మన చేతిలో ఉండేది కాదు. వాళ్ళకి చేతనైనప్పుడు వదులుతారు, కష్టమైనప్పుడు కత్తిరిస్తారు. నాకు మూడోనెలే ఫుడ్ పోయింది. వచ్చేసేటప్పుడు చేతిలో పెట్టే గ్రాట్యుటీ కూడా బేసిక్ మీదే లెక్క. నాది ఎంత చిన్న బేసికో, ఆ డబ్బుతో ఈ చెప్పులొచ్చాయి."

దర్జీకి తల తిరిగిపోయింది. అలవెన్స్ అంటే భద్రం అనుకున్నాడు ఇన్నాళ్ళూ. ఒకే మాట, కొట్లో ఒక అర్థం, కాగితం మీద ఇంకో అర్థం. ఆ మధ్యాహ్నమంతా రెండు చొక్కాలకి కాజాలు తప్పుగా తీశాడు.

చివరికి తనకి తెలిసిన పద్ధతి ఒక్కటే మిగిలింది. వీధి చివర జెరాక్స్ తీయించి, ఆ నకలుని కత్తెరతో వరస వరసగా ముక్కలు కత్తిరించాడు. ఒక్కో ముక్కా బల్లమీద పెట్టి టేపు పట్టాడు. బేసిక్ ముక్క పెడితే బల్ల కదల్లేదు, కాళ్ళు మాత్రం గట్టిగా నేలకి ఆనుకున్నాయి. అలవెన్సు ముక్కలు పెడితే కాస్త పొంగింది, ఊపిరి వదిలినట్టు మళ్ళీ తగ్గింది, మళ్ళీ పొంగింది. కొలత నిలవనే లేదు. ఇక స్టేటస్ అన్న చిన్న ముక్క పెట్టగానే దబ్బుమని ముక్కాలిపీట.

"రోగం ఎక్కడుందో తెలిసింది," అన్నాడు దర్జీ, "ఏ రోగమో తెలీలేదు."

"అయితే ఫోన్ చేసి అడగండి."

"నువ్వు అడుగు. ఉద్యోగం నీది."

"నేనా? అడిగితే ఏమనుకుంటారో. అసలే ఇచ్చారు, అదే చాలు."

చెప్పొద్దూ, నర్సమ్మ తీరే అంత. మందు మింగనని మొండికేసే మొనగాళ్ళని కూడా ఒక్క చూపుతో మింగిస్తుంది. తన కోసం ఏదైనా అడగాలంటే మాత్రం మాట తనే మింగేస్తుంది. ఆమె జీతం పెంచమని క్లినిక్‌లో ఎన్నడూ అడగలేదు. అడగనివాళ్ళకి ఎవరు పెంచుతారు?

మర్నాడు మధ్యాహ్నం స్పీకర్ పెట్టి ఫోన్ కలిపారు. అసలు కాగితం బల్లమీదే ఉంది కాబట్టి బల్ల ముక్కాలిపీటగా ఉంది. దానిమీద ఫోన్ ఒక్కటే పట్టింది. నలుగురూ చుట్టూ నేలమీద కూర్చున్నారు. అవతల ఆ పరాయి దేశపు ఆస్పత్రిలో జీతాలు చూసే ఆవిడ, తెలుగు మనిషే. ఇంట్లో అప్పటికే ఆమెకి ప్యాకేజీ మేడమ్ అని పేరు పెట్టేశారు.

"నమస్తే సిస్టర్, సంతకం చేశారా?"

"అదే మేడమ్... ఒక చిన్న... మా వారు మాట్లాడతారు" అని నర్సమ్మ ఫోన్ని అతని వైపు తోసింది.

"నమస్తే అమ్మా," అన్నాడు దర్జీ. "సింగిల్ అని రాశారు. మా ఆవిడకి పెళ్ళయిందమ్మా. పెళ్ళికొడుకుని నేనే, నాకు బాగా గుర్తుంది."

అవతల నవ్వు వినిపించింది. "అది పెళ్ళి సంగతి కాదండి. సింగిల్ స్టేటస్ అంటే ఒక్కరికే వీసా, హాస్టల్లో ఒక్క మంచం. ఫ్యామిలీ స్టేటస్ అంటే విడిగా ఇల్లు, భర్తకీ పిల్లలకీ వీసా, బడి ఫీజు. అది పై గ్రేడు వాళ్ళకే ఇస్తారు."

"మరి హౌసింగ్ అలవెన్స్ అని రాశారుగా?"

"ఆ మంచానికి వెల కట్టి రాసిందండి. చేతికి రాదు. హాస్టల్ భోజనానికీ, బస్సుకీ కూడా అలాగే వెల కట్టి మొత్తంలో కలుపుతారు."

దర్జీ టేపు చివర వేలికి చుట్టుకున్నాడు. లావుపాటి అంకెలో సగం దూదే అన్నమాట. "పై గ్రేడుకి ఏం కావాలమ్మా?"

"ప్రత్యేక విభాగంలో అనుభవం ఉండాలి. సిస్టర్‌ది జనరల్ వార్డు అనే కనిపిస్తోంది."

దర్జీ పెళ్ళాం వైపు చూశాడు. ఆమె దుప్పటి అంచు నలుపుతోంది. అత్తగారు మోచేత్తో పొడిచింది. సూది తల్లి ఒళ్ళో తల పెట్టింది.

"మేడమ్," అంది నర్సమ్మ, గొంతు కీచుమంది. సవరించుకుంది. "మొదట్లో జనరల్ వార్డే. కానీ మా పాప పుట్టకముందు నుంచీ నేను కిడ్నీ మిషన్ల దగ్గరే చేస్తున్నాను."

కిర్రుమంది. ముక్కాలిపీట జానెడు సాగింది.

"అది ఎక్కడ రాశారు సిస్టర్?"

"ఆఖర్న. ఇతరములు అని ఉంటుంది కదా, దానికింద. చిన్న క్లినిక్ మేడమ్, గొప్పలు చెప్పుకున్నట్టు ఉంటుందేమోనని..."

బల్ల ఆగిపోయింది.

"గట్టిగా చెప్పవే, బండి ఆగిపోయింది!" అంది అత్తగారు.

నర్సమ్మ బల్లని చూసింది. వీపు నిటారుగా పెట్టి, రోగులతో మాట్లాడే గొంతుతో చెప్పింది. "ఇతరములు కాదు మేడమ్. అదే నా పని. మిషన్ ఆగిపోబోతుంటే మోటారు చప్పుడు మారకముందే నాకు తెలుస్తుంది. డాక్టరుగారు సర్టిఫికెట్ ఇస్తారు, రేపే పంపుతాను. నన్ను ఆ గ్రేడులో పెట్టండి. నేను ఒక్కదాన్నే రాను. మా ఇంట్లోవాళ్ళతో వస్తాను."

బల్ల పొడుగు సాగుతుంటే సూది లేచి దారిచ్చింది.

"ఏదో చప్పుడవుతోంది?" అంది ప్యాకేజీ మేడమ్.

"బల్లండి" అన్నాడు దర్జీ.

"ఓహో" అంది ఆవిడ. కాసేపు కాగితాలు తిప్పిన శబ్దం. "గ్రేడు మార్చవచ్చు. కానీ సిస్టర్, మొత్తం అంకె పెంచే అధికారం నాకు లేదు. ఇల్లు ఇస్తే ఆ మేరకు తగ్గించాల్సిందే."

ఇది విని దర్జీ తేరుకున్నాడు. ఇది అతనికి తెలిసిన భాషే. ఉన్న గుడ్డతో ఒంటికి సరిపెట్టమని రోజూ ఎవరో ఒకరు అడిగేదే. "గుడ్డ పెంచొద్దమ్మా. కత్తిరింపు మార్చండి. కష్టపు భత్యం, తిండి భత్యం, అవన్నీ కుట్టులోపల మడిచిన గుడ్డ. బయటికి కనపడదు, చలిని ఆపదు. పైగా ఎప్పుడు కత్తిరిస్తారో తెలీదు. వాటిని విప్పి, కొంత ఇంటికి వేయండి, మిగిలింది బేసిక్‌లో కలిపి కుట్టండి. అంకె కాస్త తగ్గినా మాకు పట్టింపు లేదు."

"అలా అడిగినవాళ్ళు లేరండీ ఇంతవరకు. అందరూ అంకె పెంచమనే అడుగుతారు."

"టికెట్టు రానూపోనూ అని రాయించమ్మా" అని అత్తగారు మధ్యలో దూరింది. "ఈ బల్ల కూడా సామానుతో రావాలి. అది రాయకపోతే నేనొప్పుకోను."

"రాయిస్తానండి."

"ఇంతకీ, మధ్యాహ్నం దాటింది, భోంచేశావా తల్లీ?"

అవతల కాగితాల చప్పుడు ఆగింది. తర్వాత ఆవిడ చిన్నగా అంది. "డబ్బా తెచ్చుకున్నానండి. ఇక్కడే, కంప్యూటర్ ముందే తినేస్తాను."

"ఒక్కదానివేనా?"

"నాదీ సింగిల్ స్టేటసే అండీ. వచ్చి చాలాకాలమైంది. నేను అడగలేదు."

అత్తగారు, "అయ్యో, మేం వచ్చాక ఓ పూట రామ్మా" అంది, ఎవరైనా అనే మాటే.

కొత్త కాగితం వచ్చింది. మొత్తం అంకె పాతదానికంటే చిన్నది. అక్కడ బావ చూసి నెత్తి కొట్టుకున్నాడు. "బేరమాడి తగ్గించుకున్నవాళ్ళని మిమ్మల్నే చూశాను. పప్పులో కాలేశారు కదరా!" కాగితం బల్లమీద పెట్టారు. బల్ల కాళ్ళు ఠంగున నేలకి ఆనాయి. పొంగడం లేదు, తగ్గడం లేదు. దర్జీ టేపు పట్టాడు. మళ్ళీ పట్టాడు. టేపు తిరగేసి పట్టాడు.

"అయిదుగురికి చూపిస్తోంది."

"నలుగురమే కదండీ" అంది నర్సమ్మ. "అమ్మది వచ్చిపోయే వీసాయే అయినా, తననీ కలుపుకుంటే నలుగురమే."

అత్తగారు కూతురి పొట్టవైపు ఓ చూపు చూసింది.

"లేదమ్మా! ఏమీ లేదు. ఊరుకో."

"నేనేమన్నానే?"

"నీ కళ్ళు అంటున్నాయి."

అనుమానం తీరక నర్సమ్మ పరీక్ష కూడా చేసుకుంది. ఏమీ లేదు. టేపు సాగిపోయిందని దర్జీ కొత్త టేపు కొన్నాడు. కొత్త టేపూ అదే మాట. సామాను పంపే కంపెనీ మనిషి వచ్చి బల్లని కొలిచి, మళ్ళీ కొలిచి, ఎందుకొచ్చిన గొడవని సుమారు అని రాసుకుని వెళ్ళిపోయాడు. నర్సమ్మ సంతకం పెట్టింది. ఎవరా అయిదోవాళ్ళు అన్న మాట మాత్రం విమానంలో కూడా వాళ్ళని వదల్లేదు. కిటికీ పక్క సీటులో అత్తగారు వేళ్ళు మడుస్తూ చుట్టాల్ని లెక్కపెడుతూనే ఉంది.

కొత్త ఇల్లు రెండు గదులది. గోడలు తెల్లగా, కిటికీ ఎదురుగా ఇంకో తెల్ల గోడ. బల్ల దిగాక మొదటి సెలవురోజున దర్జీ పొద్దున్నే టేపు పట్టాడు. అయిదుగురికే. మడిచిన అంచులన్నీ విప్పినా దుప్పటి చాలలేదు. కుట్టులో వదిలిన గుడ్డ మొత్తం అయిపోయింది. పాత చొక్కా ఒకటి చింపి ఆ చివర అతుకు వేశాడు. రంగు కలవలేదు. "డిపెండెంటుగారూ, అతుకు వంకరగా ఉంది" అంది నర్సమ్మ. "ముద్ర పడినవాణ్ణి, ఎలా కుట్టినా చెల్లుతుంది" అన్నాడు.

నాలుగు కంచాలు పెట్టారు. అతుకున్న చోటు ఖాళీగా ఉంది. అందరూ దాన్ని చూడనట్టు నటిస్తున్నారు.

గంట మోగింది.

గుమ్మంలో ఒకావిడ, చేతిలో టిఫిన్ డబ్బా. వాళ్ళు ఎప్పుడూ చూడని మనిషి, కానీ "సిస్టర్..." అనగానే గొంతు గుర్తుపట్టారు. "ఊరికే, ఇల్లు సరిగ్గా ఇచ్చారో లేదో చూసి వెళ్దామని. డబ్బా తెచ్చుకున్నాను, మీకేం ఇబ్బంది ఉండదు. అయిదు నిమిషాల్లో వెళ్ళిపోతాను."

సూది వంటింట్లోకి పరిగెత్తి అయిదో కంచం తెచ్చి అతుకు మీద పెట్టింది. బల్ల కిర్రుమనలేదు. కదల్లేదు. అప్పుడు దర్జీ మెడలోంచి టేపు తీసి, చుట్టి, మొదటిసారి కిటికీ గట్టు మీద పెట్టేశాడు.

ప్యాకేజీ మేడమ్ ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉంది, లోపలికి రావచ్చో లేదో తేల్చుకోలేక.

అత్తగారు గరిటెతో గిన్నె అంచుమీద రెండుసార్లు కొట్టి, డిపో రోజుల గొంతుతో కేకేసింది.

"గుమ్మంలో నిలబడకూడదు తల్లీ, లోపలికి జరుగు. సీటుంది."